సన్యాసమ్మకు ప్లాస్టిక్ మంజూరు

మా పనసలవలస పురపాలక సంఘానికి పచ్చదనం మీద ప్రేమ మార్చి నెల రెండో మంగళవారం, మధ్యాహ్నం తపాలాలో వచ్చింది. అంతకుముందు మాకు పచ్చదనమంటే ద్వేషమేమీ లేదు. ఉత్తర్వు లేదు, అంతే. కమిషనర్ లీలాధరరావు గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, కిటికీలోంచి బస్టాండు వైపు చాలాసేపు చూశారు.

"గౌరీశ్వరరావు గారూ, భూగోళం ప్రమాదంలో ఉంది" అన్నారు.

"చిత్తం" అని నేను ఆ సంగతి డైరీలో రాసుకున్నాను.

నేనంటే మజ్జి గౌరీశ్వరరావు, ఆరోగ్య విభాగంలో సీనియర్ అసిస్టెంటు. ఊళ్లో తినే వస్తువులమ్మే ప్రతి దుకాణం లైసెన్సూ నా బల్ల మీదుగానే వెళ్తుంది. ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను ఏ ఉత్తర్వునూ అర్థం చేసుకోవడానికి ప్రయత్నించలేదు, అమలు చేశాను. అందుకే ఇంతవరకూ నా పేరు మీద ఒక్క మెమో లేదు. ముసాయిదాలు రాయడంలో మాత్రం జిల్లాలో నన్ను మించినవాడు లేడని నలుగురూ అంటారు. నేను కాదనను.

ఉత్తర్వు పేరు "పచ్చని బాట". ప్రతి వ్యాపార సంస్థా తన ప్లాస్టిక్ వాడకాన్ని తొంభై రోజుల్లో సగానికి తగ్గించాలి. తగ్గించినట్టు యాప్‌లో ఫోటోలతో సహా నిరూపించాలి. నిరూపించనివాళ్లకు జూన్ ఆఖరుకు లైసెన్సు పునరుద్ధరణ ఉండదు. చదివితే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నాకూ వేసింది.

పథకాన్ని నడిపించడానికి రాజధాని నుంచి ఒక సలహాదారును పంపారు. పేరు నిశ్చల్. సన్నగా, తెల్లగా, ఎప్పుడూ ఏదో లెక్క మధ్యలో ఉన్నట్టుండే మనిషి. ఆయన వచ్చిన రోజే మా అందరినీ కూర్చోబెట్టి పథకం మర్మం చెప్పాడు. "తగ్గింది అని చెప్పాలంటే ముందు ఎంత ఉందో తెలియాలి. అందుకని ప్రతి దుకాణంలో వారం రోజుల ప్లాస్టిక్ తూచి రాసుకుంటాం. దీన్ని మూల పరిమాణం అంటారు. మూల పరిమాణమే ఈ పథకానికి ప్రాణం." అందరం తలలూపాం. అప్పలస్వామి అని మా అటెండరు ఒకడున్నాడు, వాడు కూడా ఊపాడు.

ఈ మర్మాన్ని ఊళ్లో అందరికంటే ముందు పట్టేసినవాడు స్పైసీ పాయింట్ ఫాస్ట్ ఫుడ్ యజమాని పొట్నూరు దాలినాయుడు. తూకం వేసే వారంలో ఆయన కొట్లో చిటికెడు కారప్పొడి అడిగినా మూడు కవర్లలో ఇచ్చారు. ఒక కవరు కారప్పొడికి, ఒకటి ఆ కవరు చిరగకుండా, మూడోది పట్టుకుని నడవడానికి. చెంచాలు, గ్లాసులు, మూతలు, మూతల మీద మూతలు. వారానికి నలభై కిలోలు తేలింది. మామూలు రోజుల్లో పదిహేను దాటదు.

"ఇదేటి నాయుడూ, ఇంతా?" అన్నాను.

"తగ్గించాలంటే ఉండాలి కదండి గౌరీశ్వరరావు గారూ. ఇప్పుడు సగానికి దింపినా ఇరవై. మునుపటికన్నా ఐదు కిలోలు ఎక్కువే వాడుకోవచ్చు, పైగా సర్టిఫికెట్టొకటి" అని ఆయన నా చేతిలో ఒక కూల్‌డ్రింకు పెట్టాడు. దానికి రెండు స్ట్రాలున్నాయి.

శుక్రవారం పొద్దున్న మేం సన్యాసమ్మ హోటలుకు వెళ్లాం. బస్టాండు వెనక రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, రెండు కట్టెల పొయ్యిలు. అదే బోణంగి సన్యాసమ్మ హోటలు. భర్త పోయిన ఏడు మొదలుపెట్టింది, ముప్పై ఏళ్లయింది. నేను సర్వీసులో చేరిన రోజు నుంచీ పొద్దున్న ఇడ్లీ అక్కడే. నాలుగు ఇడ్లీ, అల్లం పచ్చడి, ఆఖర్న కాస్త నెయ్యి. మా ఇంట్లో ఈ విషయం మీద చర్చలు జరిగి, ఆగిపోయాయి.

సన్యాసమ్మ ఏది పెట్టినా అడ్డాకు విస్తరిలోనే. మా కొండల్లో అడ్డతీగ ఉంటుంది. దాని ఆకుల్ని పుల్లలతో కుట్టి, కట్టలు కట్టి, గురువారం సంతకు తెస్తారు కొండమీదివాళ్లు. సన్యాసమ్మకు తెచ్చేది బిడ్డిక సుక్కమ్మ. తిన్న ఆకులు పెరట్లో గోతిలో పడతాయి, ఆరు నెలలకు ఎరువై అరటిచెట్లకు వెళ్తాయి. చేతులు కడిగిన నీళ్లూ అటే పారతాయి. మంచినీళ్లు ఇత్తడి బిందెలోంచి, స్టీలు గ్లాసుల్లో. ఇంటికి పట్టుకెళ్లేవాళ్లు క్యారియర్లు తెచ్చుకుంటారు. ఇదంతా ఆవిడ భూగోళం కోసం చెయ్యలేదు. వేరేగా చెయ్యాలని ఆవిడకు ఎప్పుడూ తోచలేదు.

నిశ్చల్ గారు గంటసేపు వెతికారు. పప్పు డబ్బా రేకుది. ఉప్పు జాడీలో ఉంది. చీపురు కొబ్బరి ఈనెలది. చివరికి ఆవిడ జడలో దువ్వెన కనిపించి ఆయన మొహం వెలిగింది. తీసి చూస్తే కొమ్ము దువ్వెన. ఇక చేసేదేమీ లేక మూల పరిమాణం గడిలో సున్న వేశారు. యాప్ ఒక్క క్షణం ఆలోచించి ఎర్ర అక్షరాల్లో చెప్పింది: "సున్న చెల్లదు. సరైన సంఖ్య ఇవ్వండి."

"ఓ కిలో వేసేద్దామండి" అన్నాను. ఇలాంటి సలహాలు నేను చాలా అరుదుగా ఇస్తాను.

"ఆ కిలోని కాటా మీద పెట్టి ఫోటో తియ్యాలి. కింద యజమాని వేలిముద్ర పడాలి" అన్నాడాయన.

సన్యాసమ్మ గరిటె పట్టుకుని అంతా వింటోంది. "నేదన్నదాన్ని ఉన్నాదని ఏలిముద్ర ఎలగ ఏత్తాను బాబూ? ఇప్పుడీ గుమస్తా బాబు నాలుగు తిన్నాడు. ఆరు తిన్నాడని సెప్తానేటి?" అంది.

నేను ఆ రోజు నిజానికి ఐదు తిన్నాను. కాని అది చెప్పే సందర్భం కాదు.

సోమవారం కమిషనర్ గారి గదిలో విచారణ జరిగింది. సన్యాసమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. కుర్చీలో కూర్చోమంటే అంచున కూర్చుంది. లీలాధరరావు గారు పెద్దమనిషి, ఎవరినీ కసురుకోరు. కసురుకోవలసిన చోట ఉపన్యాసం ఇస్తారు.

"అమ్మా, మీరు ప్రభుత్వ ఉద్దేశాన్ని సమగ్రంగా గ్రహించినట్టు లేదు. ప్రభుత్వం మీ నుంచి ఆశిస్తున్నది మార్పు. మీరు ముందే మారిపోయి కూర్చుంటే ప్రభుత్వం దేన్ని మార్చాలి?"

"నాను మారనేదు బాబూ. మొదట్నించీ ఇలగే ఉన్నాను."

"అదే సమస్య" అన్నారు కమిషనర్ గారు విచారంగా.

నిశ్చల్ గారు ఒక కాగితం మీద గీత గీసి చూపించారు. "చూడండి మేడమ్. గీత పైనుంచి కిందికి దిగాలి. అప్పుడే పురోగతి. మీ గీత నేల మీదే పడుకుని ఉంది. నేలమీదున్నదాన్ని కిందికి ఎలా దించను?"

సన్యాసమ్మ ఆ గీతను మర్యాదకు కాసేపు చూసింది. "నాకు సదువు రాదు బాబూ. నాకు లైసెన్సు కావాల, ఆకూ కావాల. లైసెన్సు నేకపోతే కొట్టు మూసీసుకోవాల. ఆకు ఒగ్గీమంటే సుక్కమ్మ ఏటయిపోద్ది? ఆకు మీద పెట్టని ఇడ్లీ ఇంతవరకూ నా సేత్తో ఎవులికీ పెట్నేదు. ఈ రెండూ ఉండీలాగ ఏదన్నా రాసీండి."

ఆవిడ నా వైపు చూసి అన్నది ఆ చివరి మాట. రాసేవాణ్ని నేనే గనుక.

కమిషనర్ గారు రెండు రోజులు ఆలోచించారు. మూడో రోజు దారి దొరికింది. మా గోదాములో దాడులు చేసి స్వాధీనం చేసుకున్న నిషేధిత కవర్లు గుట్టలుగా ఉన్నాయి. వాటిని కాలిస్తే పొగ, పాతితే కేసు, అమ్మితే ఉద్యోగం పోతుంది. అందుకని ఆరేళ్లుగా వాటిని కాపలా కాస్తున్నాం. ఆ గుట్టలోంచి సన్యాసమ్మకు ముప్పై కిలోలు ఇస్తాం. ఆవిడ నెల రోజులు వాడుతుంది. మూల పరిమాణం ఏర్పడుతుంది. తర్వాత మానేస్తుంది. గీత దిగుతుంది, లైసెన్సు వస్తుంది, ఆకు తిరిగి వస్తుంది. దీనికి "ప్రారంభ ప్లాస్టిక్" అని పేరు కూడా ఆయనే పెట్టారు.

ముసాయిదా నేను రాశాను. "శ్రీమతి బోణంగి సన్యాసమ్మ గారు ప్లాస్టిక్ రహిత జీవనం వైపు పయనించడానికి అవసరమైన ప్లాస్టిక్ వారి వద్ద లేనందున, సదరు లోటును భర్తీ చేయు నిమిత్తం..." అని మొదలవుతుంది. కమిషనర్ గారు "లోటు" దగ్గర ఆగి, "ఇది మీరే రాయగలరు" అన్నారు. ఆ రాత్రి మా ఆవిడకు కూడా చదివి వినిపించాను.

ఏప్రిల్ ఒకటిన చిన్న సభ పెట్టి కమిషనర్ గారు స్వహస్తాలతో కవర్ల మూట సన్యాసమ్మకు అందించారు. ఫోటోలో ఆయన నవ్వుతున్నారు. ఆవిడ మూటను ఒంటికి దూరంగా పట్టుకుంది, పసిబిడ్డ తడిపిన గుడ్డను పట్టుకున్నట్టు.

"ముప్పై రోజులే కదమ్మా" అన్నాను నేను.

"ఏడేడి ఇడ్లీ ఇందల ఏత్తే ఏ వాసనొత్తాదో నీకే తెలుత్తాది బాబూ" అంది.

తెలిసింది. మర్నాడు పొద్దున్న నా ఇడ్లీలు కవరులో వచ్చాయి. అక్కడే కూర్చుని తినేవాళ్లకూ కవరే. ఆకు కనిపిస్తే తూకం చెడుతుందని శానిటరీ ఇన్‌స్పెక్టరు పొయ్యి పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పచ్చడి ఒక కవరు, నెయ్యి ఒక కవరు. నెయ్యి కవరు మూలకు చేరి, ఎంత పిండినా రాలేదు. కవరు కన్నంలోంచి ఇడ్లీని వేళ్లతో లాగి తినడం ఎంత అవమానమో నేను మాటల్లో చెప్పలేను. చుట్టూ చూస్తే అందరం అలాగే లాగుతున్నాం.

అయినా తూకం తేలలేదు. సగం మంది ఇంటికి పట్టుకెళ్లేవాళ్లే, వాళ్లు క్యారియర్లు తెస్తూనే ఉన్నారు. కమిషనర్ గారు వారం నివేదిక చూసి కలవరపడ్డారు. "ప్రజలు సహకరించడం లేదు" అన్నారు. వెంటనే ఇంకో ఉత్తర్వు వెళ్లింది. పథకం ప్రారంభ దశలో సొంత గిన్నెలు తెచ్చుకోవడం పురోగతికి ఆటంకంగా పరిగణించబడును. తెచ్చినవాటిని స్వాధీనం చేసుకొనవలెను.

ఇన్‌స్పెక్టరు ఆ వారంలో నూట ఎనభై క్యారియర్లు, అరవై స్టీలు డబ్బాలు పట్టుకున్నాడు. అన్నిటి మీదా పేర్లు కొట్టించి ఉన్నాయి. మా వైపు గిన్నె కొన్నామంటే పేరు కొట్టించకుండా ఇంటికి తేము. "చి.సౌ. మహలక్ష్మి, పెళ్లి కానుక", "పెద్దాడపడుచు ఇచ్చినది", "గృహప్రవేశం, పాలకొండ మామయ్య గారు". కవర్లు బయటికి వెళ్లినకొద్దీ గోదాములో స్థలం ఏర్పడింది, అందులోకి ఈ గిన్నెలు చేరాయి. ఏప్రిల్ ఆఖరికి గోదాము నిండా స్టీలు, ఊరి నిండా ప్లాస్టిక్. స్టాకు రిజిస్టరు మాత్రం లోటు లేకుండా సరిపోయింది. మొత్తుకోవడానికి వచ్చిన పాలకొండ మామయ్య గారికి నేనే రసీదు రాసిచ్చాను.

ఆ ఏప్రిల్ మొదటి గురువారమే సుక్కమ్మ విస్తర్ల కట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. కొండ దిగి తొమ్మిది మైళ్లు నడవాలి. ఇన్‌స్పెక్టరు స్టూలు మీంచి లేచి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈ నెల ఒద్దే సుక్కీ" అంది సన్యాసమ్మ. "వచ్చే నెల ఒకటో తారీకు కాణ్నుంచి మళ్లీ తే."

"నెలకి సరిపడా కుట్టినవమ్మా. ఎండిపోతే ఇరిగిపోతాయి."

సన్యాసమ్మ లోపలికి వెళ్లి డబ్బు తెచ్చి ఆ కట్ట మొత్తం కొనేసింది, ఇంట్లో పెట్టుకుంటానని. అది వ్యాపార వినియోగం కాదు గనుక ఇన్‌స్పెక్టరు అభ్యంతరం చెప్పలేకపోయాడు. నాలుగు గురువారాలూ అలాగే కొన్నది. నాలుగు కట్టలూ ఆవిడ మంచం కింద ఎండిపోయాయి. నాకు బాధ వేసింది. బాధ వేసిందని ఇప్పుడు రాస్తున్నాను గాని, అప్పుడు ఆఫీసులో చాలా పని ఉండింది.

ఎందుకంటే ఈలోగా సున్నలు ఇంకా బయటపడ్డాయి. మహిళా సంఘంవాళ్లు పాత చీరలతో సంచులు కుట్టి ఊరంతా పంచారు కాబట్టి కూరగాయల బజారు మొత్తం సున్నే. వాళ్లకూ గోదాము కవర్లు పంచి, సంచులన్నీ నెల రోజులు ఇళ్లలో పెట్టి తాళం వేయమన్నాం. ఆఖరికి మా ఆఫీసే సున్న అని తేలింది. పచ్చని బాట కింద ఆఫీసులు విద్యుత్తు, ఇంధనం కూడా తగ్గించాలట, మాకు ఏసీలే లేవు. అప్పటికప్పుడు ఆరు ఏసీలు తెప్పించాం. పాత భవనం, కిటికీ రెక్కలు మూసుకోవు. అంచేత ఏప్రిల్ నెలంతా మా ఆఫీసు బస్టాండును చల్లబరిచింది. అప్పలస్వామి ముప్పై ఏళ్లుగా సైకిలు మీద వస్తున్నాడు, ఇంధనం తగ్గించడానికి వాడి దగ్గర ఇంధనమే లేదు. వాణ్ని నెలరోజులు జీపులో తీసుకురమ్మన్నారు. మే ఒకటిన మళ్లీ సైకిలెక్కమంటే వాడు కమిషనర్ గారి కాళ్ల మీద పడ్డాడు, మోకాళ్లు వంగడం లేదని. ఇప్పటికీ జీపులోనే వస్తున్నాడు. వాడి సైకిలు తొక్కుతున్నది నేను. ఎవరో ఒకరు తగ్గాలి కదా.

మే ఒకటో తారీకు తెల్లవారకముందే సన్యాసమ్మ మిగిలిన కవర్లన్నీ మూటకట్టి ఇన్‌స్పెక్టరు స్టూలు మీద పెట్టేసింది. ఆ రోజు నా ముందు మళ్లీ ఆకు పడింది. వేడి ఇడ్లీ కింద అడ్డాకు కాస్త మెత్తబడి ఒక వాసన వేస్తుంది, అడవిలో వాన పడ్డట్టు. నాకు కళ్లు చెమర్చాయి. నిజంగానే చెమర్చాయి. పచ్చడి ఘాటు కాదు.

జూన్ ఆఖరికి లెక్కలు తేలాయి. పథకానికి ముందు ఊరు మొత్తానికి నెలకు రెండు టన్నుల ప్లాస్టిక్. ఏప్రిల్లో తొమ్మిది టన్నులు. జూన్‌లో నాలుగున్నర. సరిగ్గా సగం. జిల్లాలో మరే ఊరూ ఇంత దిగలేదు. మిగతా ఊళ్లలో ఇంత ఎక్కడం ఎవరికీ చేతకాలేదు. దుకాణాల్లో సన్యాసమ్మ మొదటి స్థానం. దాలినాయుడు సగం తగ్గిస్తే, ఆవిడ నూటికి నూరు పాళ్లూ తగ్గించింది. నిశ్చల్ గారు ఆవిడ గీతను రంగుల్లో అచ్చువేయించి గోడకు పెట్టుకున్నారు. నిట్టనిలువుగా దిగింది, నూతిలోకి చేద వేసినట్టు.

లైసెన్సు ఆ వారమే మంజూరైంది. నేనే స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాను. సన్యాసమ్మ దాన్ని రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకుంది. "ఆకూ ఉన్నాది, లైసెన్సూ వచ్చింది. నువ్వు సల్లగుండాల బాబూ" అని నాకు ఆ రోజు ఆరో ఇడ్లీ వేసింది.

జూలైలో జిల్లా కేంద్రంలో బహుమతుల సభ. రాష్ట్ర డైరెక్టరు గారు వచ్చారు. మా కమిషనర్ గారికి శాలువా, నిశ్చల్ గారికి జ్ఞాపిక, మా ఊరికి ప్రథమ బహుమతి. తర్వాత "ఆదర్శ వ్యాపారి శ్రీమతి బోణంగి సన్యాసమ్మ" అని పిలిచారు. ఆవిడ మెట్లెక్కి మైకు ముందు నిలబడింది. మైకు ఎత్తుగా ఉంటే డైరెక్టరు గారే వంచిపెట్టారు.

"చెప్పండమ్మా. నూరు శాతం ఎలా సాధించారు? మీ రహస్యం రాష్ట్రమంతా వినాలి."

సన్యాసమ్మ జనం వైపు తిరిగింది. "రహస్యమేటీ నేదు బాబూ. మునుపు నాను ఆకులోనే పెట్టీదాన్ని. ఇప్పుడూ ఆకులోనే పెడతన్నాను. మద్దిన ముప్పై రోజులు ఈ బాబులొచ్చి పెలాస్టికు వాడమన్నారు, వాడినాను. మానీమన్నారు, మానీసినాను. అంతే."

ఇక అంతా బయటపడిందనుకుని కమిషనర్ గారు శాలువా సర్దుకున్నారు. నేను కుర్చీలో కిందికి జారాను. ఆ క్షణంలో నాకు లోలోపల సంతోషం కూడా కలిగిందని ఒప్పుకోవాలి. ఎవరో ఒకరు అనేశారు కదా అని.

డైరెక్టరు గారు ముందు చప్పట్లు మొదలుపెట్టారు. తర్వాత హాలంతా కొట్టింది.

"విన్నారా! ఎంత సరళంగా చెప్పారు! వాడమన్నారు, మానమన్నారు, మానేశాను. అరవై పేజీల నివేదికలు చెప్పలేనిది ఈ తల్లి మూడు ముక్కల్లో చెప్పింది. ముప్పై రోజుల వాడకం, ఆపైన మానడం. దీన్నే 'పనసలవలస నమూనా'గా ప్రకటిస్తున్నాను. ప్లాస్టిక్ లేని కారణంగా ఇన్నాళ్లూ పథకానికి దూరమైన ప్రాంతాలన్నిటికీ దీన్ని విస్తరింపజేస్తాం."

సన్యాసమ్మ నా వైపు చూసింది. తనేం తప్పు మాట్లాడిందో ఆవిడకు అర్థం కాలేదు. మెడలో దండ పడింది. అది ప్లాస్టిక్ పూల దండ.

విస్తరణ ఉత్తర్వు రాయడానికి రాష్ట్రం మొత్తం మీద ఒకే ఒక్కణ్ని ఎంచుకున్నారు. నన్ను. రాజధానిలో గది ఇచ్చారు, బల్ల ఇచ్చారు, మూడు రోజులు రాశాను. జీవితంలో అంత బాగా ఎప్పుడూ రాయలేదు. నాలుగో పేరా గురించి చెప్పాలి. పటం ముందు పెట్టుకుని చూస్తే సున్నలు ఎక్కువగా ఉన్నది కొండ ప్రాంతంలో అని తేలింది. తర్కం ప్రకారం పథకం అవసరం అందరికంటే వాళ్లకే ఎక్కువ. "అటవీ ఫలసాయం సేకరించు కుటుంబములు ప్రారంభ దశను పూర్తిచేసిన పిమ్మటనే సేకరణ అనుమతి పొందుటకు అర్హులు" అని రాశాను. వాక్యం నడక చూసి డైరెక్టరు గారు నా భుజం తట్టారు. ఆ వాక్యం ఎక్కడిదాకా నడుస్తుందో నేను ఆలోచించలేదు. ఆలోచించనందుకే సూపరింటెండెంటుగా పదోన్నతి వచ్చింది.

సెప్టెంబరులో ఒక గురువారం. పొద్దున్నే నాలుగు ఇడ్లీలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. రెండు తిన్నాను. సుక్కమ్మ వచ్చి నెత్తి మీది కట్ట దించింది. ఎప్పుడూ కట్టను అడవి తీగతో కట్టి తెస్తుంది. ఆ రోజు తీగ లేదు. పాతికేసి విస్తర్లు ఒక్కో ప్లాస్టిక్ కవరులో దూర్చి, మూతి బిగించి ఉన్నాయి. లోపల ఆకులు చెమట పట్టినట్టు తడిసి, అక్కడక్కడా నల్లబడ్డాయి. కవరు మీద పచ్చటి అచ్చు.

"ఇదేటే సుక్కీ?" అంది సన్యాసమ్మ.

"జీపులో వచ్చినారమ్మ. మీ ఊర్ల పెలాస్టికు నేదు, ముందుగాల వాడాల, ఆనక మానాల అన్నారు. ఇంటింటికీ మూటలిచ్చినారు. వాడకపోతే అడివిలకి ఆకు కోతకి ఎల్లనివ్వరంట." సుక్కమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎవులో ముసిల్ది మీటింగుల సెప్పినాదట, అలగ సేత్తేనే మంచిదని."

సన్యాసమ్మ కవరు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. తర్వాత నా దగ్గరికి తెచ్చింది.

"ఇందల ఏటి రాసున్నాదో సదువు బాబూ."

చదివాను. "పచ్చని బాట. పనసలవలస నమూనా. ప్రారంభ దశ." కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. అటవీ ఫలసాయం సేకరించు కుటుంబములు, అని మొదలయ్యేది. అది చదవడానికి నాకు కవరు చూడనక్కర్లేకపోయింది. అదీ పైకే చదివాను.

"నానన్న మాట అది కాదు కద బాబూ" అంది సన్యాసమ్మ.

"కాదమ్మా."

"మరి ఇది ఎవులు రాసినారు?"

ఎవరో పైవాళ్లు అనొచ్చు. ఇరవై రెండేళ్లు ఆ మాటతోనే గడిపాను. అనబోయాను కూడా. సుక్కమ్మ నల్లబడ్డ విస్తర్లను ఒక్కొక్కటే బయటికి తీసి బల్ల మీద ఆరబెడుతోంది. నాకు చచ్చేంత సిగ్గేసింది.

"నేనే" అన్నాను.

సన్యాసమ్మ వంగి, నా ముందున్న ఆకును రెండు చేతులతో మడిచి తీసుకుని, పెరట్లోకి వెళ్లి గోతిలో వేసి వచ్చింది. ఆకులో ఇంకా రెండు ఇడ్లీలున్నాయి.